పువ్వు తలలో పురుగు కాపురం

కుసుమ చేలో ముళ్లకు వెరవకుండా ఒక మొగ్గను దగ్గరగా పట్టుకుని చూస్తే ఒక్కోసారి దాని కొస తడిగా, నురగ కట్టినట్టు ఉంటుంది. ముక్కు దగ్గర పెడితే కుళ్లు కంపు. బ్లేడుతో నిలువుగా చీలిస్తే తెల్లటి కండ ఉండాల్సిన చోట గోధుమరంగు ముద్ద కనిపిస్తుంది. ఆ ముద్దలో బియ్యపు గింజంత తెల్లపురుగులు రెండో మూడో మెదులుతుంటాయి. కాళ్లుండవు, తల ఇదీ అని చెప్పడం కూడా కష్టమే. ఇవి కుసుమ ఈగ పిల్లలు. శాస్త్రవేత్తలు ఆ ఈగను అకాంథియోఫిలస్ హీలియాంథై అంటారు. తల్లి ఈగ పచ్చిమొగ్గ పొలుసుల లోపలి వైపు గుడ్లు పెట్టి వెళ్లిపోతుంది. పిల్లలు లోపలికి తొలుచుకుపోయి, తిని, అక్కడే కోశస్థ దశకు పోయి, రెక్కలొచ్చాక బయటపడతాయి.

తాండూరు, జహీరాబాద్, నారాయణఖేడ్ వైపు నల్లరేగళ్లలో కుసుమ పాత పంట. వానాకాలం మిగిల్చిన పదునుతోనే యాసంగిలో పండుతుంది. ముళ్లుంటాయి కాబట్టి శనగ చేను చుట్టూ కంచెలాగా కొన్ని సాళ్లు వేసే అలవాటు దక్కను అంతటా ఉంది. ఆ ముళ్లు గొడ్లను ఆపుతాయి కానీ ఈగకు అడ్డే కావు.

ఇలాంటి పురుగు కనబడగానే "ఏ మందు కొట్టాలి" అన్న ప్రశ్న ముందొస్తుంది. రైతుకు అది అవసరమే. అయితే దానికన్నా ముందు తేల్చుకోవాల్సిన ప్రశ్న ఇంకొకటుంది. పురుగు గింజను తినేస్తే మొక్కల సంఖ్య తగ్గుతుందా? తగ్గి తీరుతుంది, అందులో అనుమానమేముంది అనిపిస్తుంది. కానీ గత యాభై అరవై ఏళ్ల అనుభవం చూస్తే కొన్నిచోట్ల తగ్గింది, కొన్నిచోట్ల అసలు తగ్గలేదు, కొన్నిచోట్ల ఎవరూ ఊహించని మూల నుంచి దెబ్బ తగిలింది.

ముందు ఆ ఇల్లెలా ఉంటుందో చూడాలి. బంతి, చామంతి, పొద్దుతిరుగుడు, కుసుమ, వలిసె, వయ్యారిభామ, గడ్డిచామంతి అన్నీ ఒకే కుటుంబం. ఆస్టరేసి అనే ఈ చామంతి కుటుంబంలో ప్రపంచమంతా కలిపి 25 వేలకు పైగా జాతులున్నాయి. వీటిలో మనం పువ్వు అని కోసేది నిజానికి ఒక గుంపు. అడుగున పీటలాంటి మెత్తటి గద్దె, దానిమీద పదుల నుంచి వందల దాకా చిరుపువ్వులు, చుట్టూ పెంకుటింటి పెంకుల్లా ఒకదానిమీద ఒకటి అమరిన పచ్చటి పొలుసులు. పాఠ్యపుస్తకంలో దీన్ని శీర్షవద్విన్యాసం అంటారు. రైతులు పొద్దుతిరుగుడు విషయంలో "తల" అనేస్తారు. ఇక్కడా ఆ మాటే వాడదాం.

పురుగు వైపు నుంచి చూస్తే ఈ తల అంత మంచి ఇల్లు దొరకదు. ఎండ లోపలికి రాదు, పక్షి కంటికి ఆనదు, చల్లిన మందు పొలుసుల మీదే ఆగిపోతుంది. తిండి అంతా ఒకేచోట, గింజ పక్కన గింజగా పేర్చి ఉంటుంది. మొక్క తన విత్తనాలకు పోగేసి పెట్టుకున్నదంతా అడుగునున్న గద్దెలోంచే పైకి పోవాలి. ఆ గద్దెలో కూర్చున్న పురుగుకు వంటింట్లో మంచం వేసుకున్నట్టే.

కష్టమంతా లోపలికి దూరడంలోనే ఉంది. మొగ్గ మరీ చిన్నదైతే పిల్లలకు తిండి చాలదు. ముదిరితే పొలుసులు గట్టిపడి గుడ్డు పెట్టే గొట్టం దిగదు. మధ్యలో ఉండే గడువు కొద్ది రోజులే. అందుకే ఒక్కో పురుగు ఒక్కో వయసు మొగ్గను ఎంచుకుంటుంది, ఒక్కో దారిన దూరుతుంది. ఈ పనిలో ఆరితేరినవి టెఫ్రిటిడ్ ఈగలు. మామిడిలో, కాకరలో పడే పండు ఈగలకు ఇవి దగ్గరి చుట్టాలు. ఆ చుట్టాల్లో టెఫ్రిటినే అనే ఒక్క శాఖలోనే దాదాపు 1,800 జాతులున్నాయి, వాటిలో ఎక్కువ భాగం బతుకు చామంతి కుటుంబం మీదే. రెక్కల మీద మచ్చలు, గీతలు. చెట్టు మీద వాలి ఆ రెక్కల్ని ఒక్కొక్కటిగా ఆడిస్తుంటే నాట్యం చేస్తున్నట్టే ఉంటుంది. ఆడ ఈగ పొట్ట చివరి గొట్టాన్ని పొలుసుల సందులోంచి దింపి, లోపలి చిరుపువ్వుల దాకా అందించి గుడ్డు పెడుతుంది.

ముక్కు పురుగుల పద్ధతి వేరు. రైనోసిలస్ కోనికస్ అనే యూరప్ ముక్కు పురుగు గుడ్డును మొగ్గ బయటే పెట్టి, నమిలిన ఆకు ముద్దతో కప్పేస్తుంది. పైకి చూస్తే మొగ్గ మీద గోధుమరంగు పొక్కులు లేచినట్టుంటుంది. పిల్ల ఆ పొక్కు కింద నుంచే లోపలికి తొలుస్తుంది. ఇక శనగపచ్చ పురుగు లాంటి లద్దెపురుగులకు ఇంత ఓపిక లేదు. పొద్దుతిరుగుడైనా, బంతైనా, కుసుమైనా కనబడ్డ తలకు బొక్క పెట్టి తినేసి పక్కదానికి పోతాయి.

ఇంకొన్ని ఈగలు తమ గదిని మొక్క చేతే కట్టించుకుంటాయి. యూరోఫోరా ఈగ పిల్ల గద్దెలో చేరగానే దాని చుట్టూ కండ పెరిగి, చెక్కలా గట్టిపడి బుడిపె అవుతుంది. బుడిపెకొక పిల్ల. అది ముట్టని గింజలకు కూడా నష్టమే, ఎందుకంటే గింజల్లోకి పోవాల్సిన బలమంతా బుడిపె లాగేసుకుంటుంది.

మాటలో మాటగా ఒక తీపి సంగతి. మన బీడుల్లో, చేలగట్ల మీద గుండ్రటి ముళ్లబంతుల్లా పూసే ఎకినాప్స్ మొక్కను కొన్ని ఊళ్లలో బ్రహ్మదండి అంటారు. పశ్చిమాసియాలో దాని జాతి మొక్కల మీద లారినస్ అనే ముక్కు పురుగు తియ్యటి గూడు కట్టుకుంటుంది. అక్కడివాళ్లు ఆ గూళ్లను ఏరి మందుగా, తిండిగా వాడేవారు. దాని పేరు ట్రెహలా. 19వ శతాబ్దం మధ్యలో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త బెర్తెలో అందులోంచి ఒక చక్కెరను విడదీసి ట్రెహలోజ్ అని పేరు పెట్టాడు. ఇవాళ బిస్కెట్ల నుంచి మందుల తయారీ దాకా వాడుతున్న చక్కెర అదే.

ఇక అసలు ప్రశ్నకొస్తే, దానికి పెద్ద ఎత్తున పరీక్ష జరిగింది ఉత్తర అమెరికాలో. యూరప్ నుంచి వచ్చిన మచ్చల నాప్‌వీడ్ అనే కలుపు అక్కడి పశ్చిమ ప్రాంతపు గడ్డి మైదానాలను కమ్మేసింది. గింజల్ని తినే ఈగలు తెచ్చి వదిలితే కలుపు దానంతటదే తగ్గుతుందని లెక్క వేశారు. 1970ల మొదట్లో రెండు యూరోఫోరా ఈగలు వదిలారు. ఈగలు బాగా పెరిగాయి. గింజల దిగుబడి కూడా బాగా పడిపోయింది. కలుపు మాత్రం అనుకున్నంతగా తగ్గలేదు.

కారణం పెద్ద చిక్కుదేమీ కాదు. వంద గింజలు రాలినచోట వందా మొలకెత్తి పెద్దవి కావు. జాగా ఎన్నింటికి ఉంటే అన్నే బతుకుతాయి. ఈగ ముప్పై గింజలు తిన్నా, అరవై తిన్నా, మిగిలినవి ఆ జాగా నింపడానికి చాలు. పైగా నాప్‌వీడ్ ఏళ్ల తరబడి బతికే మొక్క. ఈ ఏడు గింజ పోతే వచ్చే ఏడు మళ్లీ పూస్తుంది.

వదిలిన ఈగలు ఊరికే కూర్చోలేదు. వాటి పిల్లలు చలికాలమంతా ఎండిన తలల్లో బుడిపెల లోపలే ఉంటాయి. మంచు పడి ఏ తిండీ దొరకని రోజుల్లో చెట్టుకు వేలాడుతున్న కొవ్వు ముద్దలన్నమాట. మోంటానాలో డీర్ మౌస్ అనే అడవి ఎలుకలు వాటికి అలవాటు పడ్డాయి. చలికాలం దాటి బతికే ఎలుకలు ఎక్కువయ్యాయి. ఆ ఎలుకలే మనుషులకు ప్రాణాంతకమైన ఒక హంటా వైరస్‌ను మోసేవి. నాప్‌వీడ్ దట్టంగా ఉన్నచోట వైరస్ ఆనవాళ్లున్న ఎలుకలు బాగా ఎక్కువగా ఉన్నాయని పియర్సన్, కాలవే 2006లో ప్రచురించిన పరిశోధన చూపింది. కలుపును తగ్గించడానికి తెచ్చిన ఈగ కలుపును ఉంచేసి ఎలుకను పెంచింది. వదిలిన ఈగ పూర్తిగా విఫలమై చచ్చిపోయి ఉంటే ఈ బెడద ఉండేది కాదు, పూర్తిగా గెలిచి కలుపును తుడిచేసినా ఉండేది కాదు. సగం గెలవడం వల్లే వచ్చిన తంటా ఇది.

దీనికి సరిగ్గా ఎదురు కథ నెబ్రాస్కా ఇసుక దిబ్బల మీద జరిగింది. అక్కడ ప్లాట్ థిసిల్ అనే ముళ్లమొక్క ఉంది. అది అక్కడి సొంత మొక్క, ఎవరికీ బాధ లేనిది. కొన్నేళ్లు పెరిగి, ఒక్కసారే పూసి, గింజ రాల్చి చచ్చిపోతుంది. స్వాతా లౌడా అనే పరిశోధకురాలు కొన్ని మొక్కల తలలకు పురుగుమందు కొట్టించి, కొన్నింటిని అలాగే వదిలేసి ఏళ్ల తరబడి లెక్క పెట్టారు. మందు కొట్టిన మొక్కల చుట్టూ మొలకలు పెరిగాయి, ఆ తర్వాత పెద్ద మొక్కలూ పెరిగాయి. ఈ ఫలితం 1995లో అచ్చయింది. అంటే, ఈ మొక్క ఎన్ని ఉండాలో నిర్ణయిస్తున్నది జాగా కాదు, గింజే. గింజ తినే స్థానిక పురుగులే దాన్ని అప్పటికే అదుపులో ఉంచుతున్నాయి.

అలాంటి మొక్క దగ్గరికి ఇంకో ముక్కు పురుగు వచ్చి చేరింది. పైన పొక్కుల గుడ్లు పెడుతుందని చెప్పుకున్న రైనోసిలస్ అదే. మస్క్ థిసిల్ అనే విదేశీ కలుపు కోసం దాన్ని 1968లో కెనడాలో, 1969లో అమెరికాలో వదిలారు. 1993లో అది ప్లాట్ థిసిల్ మీద కనిపించింది. 1997లో లౌడా బృందం సైన్స్ పత్రికలో లెక్కలు బయటపెట్టింది. స్థానిక థిసిళ్ల గింజ బాగా పడిపోయింది. అదే తలల్లో బతికే స్థానిక ఈగలు కూడా, ముక్కు పురుగు ఎక్కువున్నచోట తగ్గిపోయాయి. ఒకే తలలో ఇద్దరు కాపురం పెడితే ఆకలి ఎక్కువున్నవాడిదే ఇల్లు.

ఇది ఎవరికీ తెలియక జరిగిన పొరపాటని చెప్పడం కుదరదు. వదిలే ముందు చేసిన పరీక్షల్లోనే ఈ పురుగు ఒక్క మస్క్ థిసిల్‌తో ఆగదని తెలుసు. స్థానిక థిసిళ్లకు మార్కెట్ విలువ లేదు కాబట్టి అప్పట్లో వాటిని లెక్కలోకి తీసుకోలేదు, అంతే. ఇక న్యూజిలాండ్‌లో ఇదే ముక్కు పురుగును ఇదే మస్క్ థిసిల్ మీద వదిలారు. అక్కడి లెక్కల్లో, గింజలు సగం పోయినా కలుపు తగ్గదని తేలింది. అదే పురుగు, అదే మొక్క, నేల మారితే ఫలితం వేరు.

పురుగు బంధుత్వం చూసుకుని తింటుందన్న సంగతి మన పంటలకూ తగులుతుంది. కాలిఫోర్నియాలో కుసుమకు చుట్టమైన ఎల్లో స్టార్‌థిసిల్ అనే కలుపు మీదికి కీటోరెలియా అనే ఈగను తెచ్చారు. 1991లో పక్క రాష్ట్రం ఓరెగాన్‌లో వదిలిన సరుకులో దాని పోలికే ఉన్న ఇంకో జాతి ఈగ కలిసిపోయింది. ఆ సంగతి ఏళ్ల తర్వాత గానీ బయటపడలేదు. పొరపాటున వచ్చిన ఆ జాతికి తన పాత దేశాల్లో కుసుమ తినే అలవాటుంది! కాలిఫోర్నియాలో కుసుమ పెద్ద పంట. టెన్షన్‌తో చేలన్నీ గాలించారు. అదృష్టం కొద్దీ చేలల్లో కుసుమ జోలికి అది పెద్దగా పోలేదు.

మన దగ్గర వయ్యారిభామ విషయంలో దాదాపు ఇలాంటి భయమే పుట్టింది. 1980ల్లో వయ్యారిభామను తినిపించడానికి తెచ్చిన పురుగుల్లో ఎపిబ్లెమా అనే చిమ్మెట, పరీక్షల్లో వలిసె మీద కూడా పెరిగింది. అరకు కొండల్లో ఆదివాసీ రైతులు నూనెకు వేసుకునే వలిసె చామంతి కుటుంబమే, వయ్యారిభామకు చుట్టమే. చిమ్మెటను వదలకుండా ప్రయోగశాలలోనే నాశనం చేశారు. అది సరైన నిర్ణయమే. మెక్సికో నుంచి తెచ్చిన జైగోగ్రామా పెంకుపురుగును మాత్రం 1984లో బెంగళూరు దగ్గర వదిలారు. కొన్నేళ్లకు అది పొద్దుతిరుగుడు ఆకులు కొరుకుతోందని గగ్గోలు లేచింది. తీరా చూస్తే, వయ్యారిభామ పుప్పొడి గాలికి వచ్చి పడ్డ ఆకుల్నే ఎక్కువగా కొరుకుతోందని తేలింది. పుప్పొడి వాసనే దాన్ని మోసం చేసింది.

ఆ పుప్పొడి ఇంకో కథలో చాలా పెద్ద నష్టమే తెచ్చింది. 2000 ఖరీఫ్‌లో అనంతపురం జిల్లాలో వేరుశనగ మొక్కలు నెల తిరక్కుండానే కొసలు ఎండి, కాండం నల్లబడి చచ్చిపోవడం మొదలైంది. దాదాపు 2.25 లక్షల హెక్టార్లలో పంట దెబ్బతింది. నష్టం 300 కోట్ల రూపాయలకు పైనే అని అంచనా. మొదట మొవ్వకుళ్లు అనుకున్నారు. పటాన్‌చెరు ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు పరీక్షించి ఇది టొబాకో స్ట్రీక్ వైరస్ అని తేల్చారు. పొద్దుతిరుగుడును అంతకు మూడేళ్ల ముందు నుంచీ పీడిస్తున్న నెక్రోసిస్ తెగులు కూడా ఇదే.

వైరస్ దాక్కున్నది వయ్యారిభామ తలల్లో. ఆ తెల్లటి తల మిరియం గింజంత ఉంటుంది. అంచున ఐదు చిరుపువ్వులు, వాటికి ఐదే గింజలు. మధ్యలో ఉన్నవన్నీ పుప్పొడి దులపడానికి. వైరస్ సోకినా మొక్క పచ్చగానే ఉంటుంది, ఒక్క మచ్చ కూడా కనబడదు. ఆ తలల్లో తామర పురుగులు కాపురముంటాయి. కంటికి ఆనీ ఆనని సన్నటి గీతల్లాంటి పురుగులు. పువ్వును గీకి రసం పీలుస్తూ ఒంటినిండా పుప్పొడి పూసుకుంటాయి. గాలికి ఎగిరి లేత వేరుశనగ మీద వాలతాయి. అక్కడ ఆకు గీకినప్పుడు పడ్డ గాయంలోకి, ఒంటిమీది పుప్పొడిలోని వైరస్ దిగిపోతుంది. పురుగు ఒంట్లో వైరస్ పెరగనక్కర్లేదు. మోసుకొస్తే చాలు.

ఇందులో ఒక మెలిక ఉంది. వేరుశనగ పువ్వు మూసుకునే ఉంటుంది, దాని పుప్పొడి బయటికి రాదు. కాబట్టి రోగం సోకిన వేరుశనగ మొక్క నుంచి పక్క వేరుశనగ మొక్కకు అంటుకోదు. వచ్చే ప్రతి వైరసూ గట్టు మీది కలుపు నుంచే రావాలి. అంటే చేలోపల ఎంత మందు కొట్టినా అసలు మూలం చెక్కు చెదరదు. వయ్యారిభామను పూత రాకముందే పీకేయమనీ, చేను చుట్టూ మూడు నాలుగు వరుసల జొన్న వేయమనీ చెప్పేది ఇందుకే. జొన్న ఎత్తుగా పెరిగి ఎగిరొచ్చే తామర పురుగుల్ని అడ్డగిస్తుంది. పూత వచ్చాక పీకితే ఇంకా నష్టం, పీకేటప్పుడు పుప్పొడీ పురుగులూ ఒక్కసారిగా లేస్తాయి.

ఒక్కోసారి జవాబు గింజ పెంకులోనే ఉంటుంది. రష్యాలో పొద్దుతిరుగుడును ఒక చిమ్మెట పురుగు దారుణంగా తినేసేది. కొన్ని రకాల గింజల పెంకులో నల్లటి కర్బన పొర ఒకటి ఉందనీ, పురుగు పళ్లు దానిమీద ఆగిపోతాయనీ గమనించి, అక్కడి వంగడాల పరిశోధకులు ఆ గుణం ఉన్నవాటినే పెంచుకుంటూ పోయారు. 1969లో నూనె పంటగా మన దేశానికి పొద్దుతిరుగుడు వచ్చింది కూడా ఆ దేశం నుంచే. కుసుమ ఈగ గద్దెనే తింటుంది కాబట్టి పెంకు ఎంత గట్టిదైనా దానికి సంబంధం లేదు.

ఈ కాపురాలను చూడటానికి ల్యాబ్ అక్కర్లేదు. బ్రెజిల్‌లో కాంపినాస్ విశ్వవిద్యాలయపు థామస్ లెవిన్సోన్ బృందం దశాబ్దాలుగా చేస్తున్న పని మూలానికి వస్తే చాలా సాదా. కొండల్లో, బీళ్లలో చామంతి కుటుంబపు తలలు కోసుకొచ్చి, మొక్క పేరు రాసి డబ్బాల్లో వేసి, పైన గుడ్డ కట్టి, ఏం బయటికి వస్తుందో ఎదురుచూడటం. ఏ మొక్కకు ఏ పురుగో తెలిసేది ఆ డబ్బాల్లోనే. చలికాలంలో అరకు వలిసె తలలతోనూ చేయొచ్చు, వలిసెలో పడే డయోక్సినా అనే చిన్న మచ్చరెక్కల ఈగ అందులోంచి రావొచ్చు. కుసుమతో అయితే చేతికి గ్లవుజులు తప్పవు.

రెండు మూడు వారాలకు డబ్బా అడుగున ఈగలతో పాటు ఇంకేవో కూడా కనబడతాయి. చీమకన్నా చిన్నవి, కొన్ని పచ్చగా లోహంలా మెరుస్తాయి. అవి సన్నటి కందిరీగలు. ఈగ పిల్ల తలలోపల దాక్కున్నా, పొలుసుల పైనుంచే సూదిలాంటి గొట్టం దింపి దాని మీద గుడ్డు పెట్టి, తమ పిల్లకు ఆ ఈగ పిల్లనే తిండిగా ఇచ్చినవి. ఆ తలను చీల్చి ఖాళీ గూటిని భూతద్దం కింద పెడితే లోపల బతికిందెవరో చెప్పేయొచ్చు. ఈగ వెళ్లిన గూటికి ఒక కొస మూతలా ఊడి ఉంటుంది. కందిరీగ వెళ్లినదానికి పక్కన కొరికిన చిన్న గుండ్రటి రంధ్రం ఉంటుంది.